నామం పెట్టిన కాగులు

మా నాగులమ్మక్కకు ఒకరి ముందు చెయ్యి చాచడమంటే తల తెగినంత పని. ఇంట్లో ఉప్పు నిండుకుంటే పక్కింటికి పరుగెత్తి చిటికెడు తెచ్చేదాన్ని నేను. ఆమె మాత్రం చప్పిడి కూడైనా తింటుంది గానీ అడగడానికి గడప దాటదు. నేను ఆ ఇంటికి చిన్నకోడలిగా వచ్చిన కొత్తలో అది పొగరనుకున్నాను. ఇప్పటికీ కొంత పొగరే అనుకుంటాను. ఆమె ఇప్పుడు లేదు కాబట్టి ధైర్యంగా అంటున్నాను. ఉన్నప్పుడు ఆ మాట అనగలిగిన మొనగత్తె మా పల్లెలో పుట్టలేదు.

మాది రేణిగుంట స్టేషనుకు రెండు మైళ్ళలో ఒక చిన్న పల్లె. మా అత్త సుబ్బులమ్మకు ఇద్దరు కొడుకులు. పెద్దాయన మునిరామయ్య భార్య నాగులమ్మ. చిన్నాయన కుప్పయ్య భార్యను నేను. నాలుగెకరాల మెట్ట, ఒక జత ఎద్దులు, ఎండాకాలం వస్తే అడుగు కనిపించే బావి, ఇదీ మా ఆస్తి. వాన పడితే లోటు లేదు. పడకపోతే ఏమిటన్న ఆలోచన మాత్రం ఆ ఇంట్లో ఎవరికీ ఉండేది కాదు. అత్త చేతికి ఎముక లేదు, వాకిట్లో ఎవరు నిలబడినా చాటతో గింజలు పోసేది. మునిరామయ్య బావ పంట ఇంటికి చేరకముందే సగం అమ్మేసేవాడు. మిగిలిన సగంలో నా మొగుడు చుట్టాలకు మోసినంత మోసేవాడు. నేనా? నేను శుభ్రంగా తిని కూర్చునేదాన్ని.

జపానువాడు మద్రాసు మీద బాంబులు వేస్తాడని పుకారు పుట్టిన ఎండాకాలం అది, నలభై రెండో సంవత్సరం. మద్రాసు నుంచి వచ్చే రైళ్ళు మనుషులతో, మూటలతో, చిలకల పంజరాలతో సహా కిక్కిరిసి వస్తున్నాయి. వచ్చిన బండి రేణిగుంటలో ఆగక తప్పదు కాబట్టి మేమిద్దరం గంపల నిండా మామిడికాయలు పెట్టుకొని అమ్మడానికి పోయాం. పొద్దున ఆగిన ఒక బండి మధ్యాహ్నమైనా కదలలేదు. కాయలన్నీ చెల్లిపోయాక మేము నీడన కూర్చుని సంగటి మూట విప్పాం.

అప్పుడు పట్టుచీర కట్టుకున్న ఒకావిడ పెట్టె దిగి మా దగ్గరికి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. ముక్కుకు రెండు వైపులా రాళ్ళ పుడకలు, మెడ నిండా బంగారం, చేతిలో వెండి గ్లాసు. అరవంలో మెల్లగా ఏదో అడిగింది. మా వైపు అరవం రానివాళ్ళు తక్కువ. పిల్లలకు నిన్నటి నుంచి తిండి లేదట, గ్లాసు తీసుకొని ఆ సంగటిముద్ద ఇవ్వమంటోంది. అడిగేటప్పుడు ఆమె మా మొహాలు చూడలేకపోయింది. నాగులమ్మక్క తన ముద్ద ఇచ్చింది. నా ముద్ద కూడా ఇచ్చేసింది, నన్నొక్క మాట అడగలేదు. గ్లాసు మాత్రం ముట్టలేదు.

ఖాళీ గంపలతో ఇంటిదారి పట్టాం. నాకు ఆకలి, ఆమెకు ఆలోచన.

“సూసినావా?” అంది ఉన్నట్టుండి.

“ఏం సూసేది? నా కడుపు కాలిపోతా ఉండాది.”

“ఆయమ్మ దగ్గర లేందేముండాది చెప్పు? బంగారు ఉండాది, పట్టు ఉండాది. అయినా మన ముందర చెయ్యి చాచల్సి వచ్చింది. గింజ లేనినాడు బంగారు ఎందుకే కాల్చనా? మనింటికి ఆ దినం రాకూడదు. నేను బతికుండంగా రానీను.”

మరుసటి రోజు రాగులు విసరడానికి కొలిచేటప్పుడు ఒక పిడికెడు తీసి కొత్త కాగులో వేసింది. సాయంత్రం ఇంకో పిడికెడు. కాగు అంటే నడుమెత్తు మట్టికుండ, మా వైపు గింజలు దాచుకునేది అందులోనే. నాలుగోనాటికి అది అత్త కంట పడింది.

“ఏందే పెద్దమ్మీ, ఈ కాగు కథ?”

నాగులమ్మక్క రెప్ప ఆర్పలేదు. “కొండమీది సామికి మొక్కుకున్నానత్తా. పూటకొక పిడికెడు ఎత్తిపెడతానని.”

అత్త రెండు చేతులూ జోడించింది. ఆ సాయంత్రమే సున్నంతో రెండు తెల్లగీతలు, నడుమ కుంకుమతో ఎర్రగీత, కాగు పొట్ట మీద ఇంత పెద్ద నామం దిద్దింది. తర్వాత దొడ్లో అంట్లు తోముతూ నేను ఆరా తీశాను.

“ఎప్పుడు మొక్కినావక్కా?”

“నువ్వు నోరు మూసుకొని ఉన్నప్పుడు,” అంది.

నాకు అర్థమైంది. ఆ ఇంట్లో గింజలకు వేయగలిగిన తాళం అదొక్కటే. అత్త ఎవరికైనా పెట్టగలదు గానీ దేవుడిది తీసి పెట్టలేదు. బావ ఏదైనా అమ్మగలడు గానీ నామం చెరిపి అమ్మలేడు. నేను నవ్వు ఆపుకొని నోరు మూసుకున్నాను. అంత తెలివి నాకు రాలేదే అని కొంచెం కుళ్ళుకున్నాను కూడా.

అప్పటి నుంచి నాలుగేళ్ళు ఆమె ఒకటే పని. ప్రతి ఎండాకాలం మామిడికాయలు అమ్మిన డబ్బుతో ఒక కొత్త కాగు కొనేది. కల్లంలోనే దేవుడి వాటా అని రెండు మూటలు పక్కకు లాగేది. వేపాకు పరిచి, రాగులు నింపి, మూత పెట్టి, పేడతో మెత్తేది. అవి కాక చింతపండు ఉప్పేసి తొక్కి కుండలకెత్తింది. వంకాయలు, గోరుచిక్కుళ్ళు తరిగి మిద్దె మీద వరుగులు ఎండబెట్టింది. ఉలవలకు బూడిద పట్టించింది. పండగకు నేను కొత్త చీర అడిగితే, తన పాత చీర చిరుగు కనబడకుండా కుట్టి నా చేతిలో పెట్టింది. ఆ రోజు నేను అలిగి కూడు మానేస్తే, “మంచిది, నీ వాటా ఇంకో పిడికెడు మిగిలింది,” అని కాగులో వేసింది.

యుద్ధం ముదిరేకొద్దీ వేరుశనగ ధర పెరిగింది. ఊరంతా ఉన్న నేలంతా ఆ పంటకే పెట్టింది. బావ కూడా సిద్ధపడ్డాడు.

“ఎకరా నేల రాగులకు వదలల్ల,” అంది అక్క.

“సెనిక్కాయలు అమ్మితే వచ్చే దుడ్డుతో రెండెకరాల రాగులు కొనొచ్చుమే.”

“అమ్మేవాడు ఉంటే గదా కొనేది!”

బావ పకపకా నవ్వాడు. మరుసటి రోజు పొద్దున్నే ఆమే ఎద్దులు విప్పి, నాగలి భుజానికెత్తుకొని చేనికి బయలుదేరింది. ఆడది మడక దున్నుతుంటే మొగుడు మంచం మీద ఉన్నాడని ఊరు నవ్వుతుందని బావ పంచె ఎగ్గట్టుకొని వెనక పరుగెత్తాడు. ఎకరా రాగులకే మిగిలింది.

ఇంకోసారి ఎవరింట్లో ఎన్ని గింజలున్నాయో రాసుకోవడానికి కరణం ఇల్లిల్లూ తిరిగాడు. ఎక్కువుంటే సర్కారుకు ఇవ్వాలి. మా ఇంట్లో మూలన వరుసగా కాగులు చూసి ఆయన కళ్ళు మెరిశాయి. దగ్గరికి పోయి వంగి చూస్తే నామాలు. గబగబా వెనక్కి వచ్చి, వాకిట్లో చెప్పులు విడిచి, తలపాగా తీసి మళ్ళీ లోపలికి వచ్చి దండం పెట్టాడు. మా అత్త ఆయన నుదుట కుంకుమ పెట్టి పంపింది. నాగులమ్మక్క స్తంభం చాటున నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది, నవ్వుకో భయానికో నాకు తెలియదు.

అత్త మాత్రం ఆ కాగులను ప్రాణంగా చూసుకునేది. శనివారం వస్తే వాటి ముందు దీపం పెట్టేది. ముగ్గేసేది. తన సంగటి కోసం కొలిచిన రాగుల్లోంచి తానూ ఒక పిడికెడు తీసి వేసేది. “పెద్దకోడలు పుణ్యాత్మురాలు,” అని ఊరంతా చెప్పేది. ఆ మాట వినబడినప్పుడల్లా అక్క ఏదో పని కల్పించుకొని అక్కడి నుంచి లేచిపోయేది.

నలభై ఐదులో వాన మొహం చాటేసింది. నలభై ఆరులోనూ అంతే. బావి అడుగు పగిలింది. ఎద్దులు బక్కచిక్కాయి. బావ పెట్టెలో వేరుశనగ అమ్మిన నోట్లు ఉన్నాయి. అవి పట్టుకొని ఆయన రేణిగుంట చూశాడు, తిరుపతి చూశాడు, కాణిపాకం దాకా నడిచి చూశాడు. పోయినప్పుడు మడతపెట్టిన గోతాం వచ్చినప్పుడూ మడతపెట్టే ఉంది. దాన్ని గోడకు తగిలించి, నోట్లు పెట్టెలో పెట్టి, పెళ్ళాం మొహం చూడకుండా పడుకున్నాడు. ఆ రోజు అక్క ఆయన్ను ఒక్క మాట దెప్పలేదు. నేనైతే వదిలేదాన్ని కాదు.

రేషను అంగడిలో మనిషికి ఇన్ని ఔన్సులని ఓడల్లో వచ్చిన ఎర్రజొన్నలు ఇచ్చేవాళ్ళు. అవీ ఒక వారం ఉంటే ఇంకో వారం ఉండేవి కావు. వరుగులు, ఉలవలు, చింతపండు ఒకటొకటిగా అయిపోయాయి. అవి లేకపోతే శ్రావణం దాకా కూడా వచ్చేవాళ్ళం కాదు. ఇంట్లో పది మంది. అక్క పిల్లలు ముగ్గురు, నా పెద్దది, నా ఒళ్ళో ఐదు నెలల బిడ్డ. నాకు పాలు ఎండిపోయాయి. బిడ్డ రొమ్ము పట్టి, వదిలి, ఏడ్చేది. కొన్ని రోజులకు ఏడ్చే ఓపిక కూడా తగ్గింది. నాకు అప్పుడు నిజంగా భయమేసింది.

ఆ పొద్దున అక్క కత్తి మొనతో మొదటి కాగు మూత చుట్టూ ఎండిన పేడ గీకడం మొదలుపెట్టింది. ఆమె ముఖం వెలిగిపోతోంది. నాలుగేళ్ళుగా ఆమె ఎదురుచూసిన దినం అదే కదా.

“ఏం చేస్తా ఉండావే?” అంది అత్త.

“అంబలికి గింజలు తీస్తా ఉండానత్తా.”

“దేవుడి గింజలా?”

అత్త వచ్చి కాగుకు అడ్డం కూర్చుంది. డెబ్బై ఏళ్ళ మనిషి, చేతులు రెండూ వెనక్కి పెట్టి కాగును కౌగిలించుకుంది.

“బిడ్డ ఏడుపు వినపడలేదా అత్తా?”

“వినపడతా ఉండాది. ఈ పూట నుంచి నా వాటా అంబలి దాని తల్లికి పొయ్యండి. సామి సొమ్ము మాత్రం తినేదానికి లేదు. మీరు తింటే నేను ఈ ఇంట్లో పచ్చినీళ్ళు ముట్టను. పాడె కట్టి ఎత్తుకుపోండి.”

అక్క కత్తి కింద పెట్టింది. “మొక్కు లేదత్తా. నేను మొక్కలేదు. ఈ ఇంట్లో గింజ నిలవనీరని అబద్ధం చెప్పినా. ఇవి మన గింజలే.”

గోడకు ఆనుకొని కూర్చున్న బావ నిటారుగా లేచాడు. అత్త కోడలి మొహంలోకి చూసింది.

“నాలుగేండ్లా?”

“నాలుగేండ్లు.”

అత్త తిడుతుందనుకున్నాను. చెంప పగలగొడుతుందనుకున్నాను. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“నువ్వు మొక్కలేదు, సరే. నేను మొక్కినా గదమ్మీ. నామం దిద్దింది నేను. దీపం పెట్టింది నేను. నా నోటి కాడిది తీసి దాంట్లో ఏసింది నేను. నీ నోరు అబద్ధం ఆడింటే ఆడిండొచ్చు, నా చేతులు ఆడలేదే. ఇవి ఆయనవే.”

ఆ మాటకు జవాబు నాకు ఇన్నేళ్ళు ఆలోచించినా దొరకలేదు. బావ తల్లి పక్షాన నిలబడ్డాడు. నా మొగుడు తల వంచుకొని బయటికి పోయాడు. కాగు తెరిస్తే అత్త పోతుంది. తెరవకపోతే బిడ్డ పోతుంది. అక్క దొడ్లోకి పోయి పేడ కలుపుకొని వచ్చి, గీకినచోట తన చేత్తోనే మళ్ళీ మెత్తింది. ఆమె ఏడవగా చూడడం నాకు అదే మొదటిసారి.

మూడు వారాలు అలాగే గడిచాయి. అక్క తెల్లవారకముందే లేచి గుట్టల్లో ఆకులు, దుంపలు ఏరుకొచ్చేది. ఇంత జొన్నపిండికి కుండెడు నీళ్ళు పోసి కాచేది. అత్త తన వాటా తాగకుండా నా గిన్నెలో పోసేది. వద్దంటే వినదు. మంచినీళ్ళు తాగి కాగుల పక్కనే పడుకునేది. లేచి నిలబడితే గోడ పట్టుకోవాల్సి వచ్చేది. తనతో అబద్ధమాడిన కోడలిని తిట్టలేదు, మాట్లాడటం మానలేదు. అదే అక్కకు మింగుడు పడలేదు. తిట్టి ఉంటే ఎదురు తిట్టి తేలికపడేది.

పెరటాసి నెల వచ్చింది. ఆ నెల శనివారాలు మా వైపు కొండమీది స్వామివి. ఎంత కలిగినవాళ్ళయినా తలస్నానం చేసి, నామం పెట్టుకొని, చెంబు పట్టుకొని “గోవిందా” అంటూ ఇళ్ళు తిరిగి గింజలు ఎత్తుకోవాలి. అలా వచ్చినవాళ్ళను ఉత్తచేతులతో పంపకూడదు. ఆ భిక్ష వండి స్వామికి చూపించి, ప్రసాదమని ఇంటిల్లిపాదీ తింటారు. మా ఇంట్లో చెంబు పట్టుకొని పోయేది ఎప్పుడూ నేనే. అక్క ఒక్క ఏడూ పోలేదు. దేవుడి పేరు చెప్పయినా సరే తను చెయ్యి చాచనని తెగేసి చెప్పేది. అత్త ఏటా గొణిగి ఊరుకునేది.

మొదటి శనివారం పక్కపల్లె వాళ్ళు నలుగురు వచ్చారు. ఎముకలు తేలిన మనుషులు, తడి పంచెలు, నుదుట నామాలు. “గోవిందా!” అని వాకిట్లో నిలబడ్డారు. అత్త గోడ పట్టుకొని లేచింది. మేము చూస్తుండగా మొదటి కాగు మూత తానే ఊడదీసింది. రాగులు నిగనిగలాడుతూ ఉన్నాయి, ఒక్క పురుగు లేదు. దోసిట పట్టుకుపోయి నలుగురి చెంబుల్లోనూ పోసింది.

“ఆయన గింజలు, ఆయన పేరు పెట్టుకొని వచ్చినోళ్ళకు,” అంది మా వైపు తిరిగి.

ఒళ్ళో బిడ్డతో నేను ఆ చెంబుల్లో పడుతున్న గింజలు చూస్తూ ఉండిపోయాను. ఎవరి బిడ్డలకో పోయే గింజలు నా బిడ్డకు పోవా? అక్క ఇల్లు అదిరేలా అరుస్తుందనుకున్నాను. ఆమె అరవలేదు. ఖాళీ చెంబులు నిండి పోవడం చివరిదాకా చూసి, దొడ్లోకి పోయింది. నెత్తి మీద నీళ్ళు పోసుకున్న చప్పుడు వినిపించింది. తర్వాత దొడ్డి వాకిలి తలుపు చప్పుడైంది.

కొంతసేపటికి వీధి వాకిట్లో గొంతు వినిపించింది.

“గోవిందా!”

తడి జుట్టు ముడివేసుకొని, నుదుట నిలువు నామంతో, రెండు చేతులా ఇత్తడి చెంబు ముందుకు చాచి మా నాగులమ్మక్క మా గడప ముందు నిలబడి ఉంది. వీధిలో జనం ఆగిపోయారు. ఎదురింటి పెంచలయ్య అరుగు మీద నుంచి లేచాడు. సొంత ఇంటి ముందు బిచ్చమెత్తే కోడలిని వాళ్ళెప్పుడు చూశారు కనుక?

అత్త గడప దాకా వచ్చింది. “ఎవరమ్మా నువ్వు?” అంది.

గుర్తుపట్టక అడిగిన మాట కాదది. అక్క చెంబు ఇంకాస్త ముందుకు చాచింది.

“గోవిందుడి బిచ్చమమ్మా. ఇంట్లో పసిబిడ్డ ఉండాది. ముసలామె ఉండాది. బిచ్చం పెట్టు తల్లీ.”

అత్త లోపలికి పోయి దోసిళ్ళతో రాగులు తెచ్చి పోసింది. మళ్ళీ పోయి తెచ్చింది. చెంబు నిండి గింజలు గడప మీద రాలాయి. అక్క లోపలికి అడుగు వేయబోయింది.

“యాడికి వస్తా ఉండావు?” అంది అత్త. “ఒక్క ఇంట్లో ఎత్తితే చెల్లదు. మూడిండ్లు తిరగల్ల.”

నాకు అత్త మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు. అక్క మాత్రం వెనక్కి తిరిగింది. పెంచలయ్య వాకిట్లో నిలబడి గోవిందా అంది. ఆయన భార్య అక్కమ్మ చేటంతా దులిపి నాలుగు ఎర్రజొన్నలు వేసింది. ఆ పక్కింట్లో గింజే లేదు, గుప్పెడు మునగాకు పెట్టారు. చెంబు చాచినప్పుడల్లా ఆమె వాళ్ళ మొహాల్లోకి సూటిగా చూసింది. తల దించలేదు. వాకిట్లో కూర్చుని చూస్తున్న నాకే ఏడుపు ఆగలేదు.

తిరిగి వచ్చి రాగులు విసిరి, మునగాకు వేసి అంబలి కాచింది. కాగుల ముందు ఒక గిన్నె పెట్టి దీపం చూపించింది. తర్వాత మొదటి గరిటె అత్త గిన్నెలో పోసి, ముందు పెట్టి, ఎదురుగా కూర్చుంది. పిల్లలు, మొగవాళ్ళు, నేను అందరం ఆ గిన్నె వైపే చూస్తున్నాం. అత్త గిన్నె ఎత్తి కళ్ళకద్దుకొని తాగింది. చివరి బొట్టు దాకా తాగింది. కొంగుతో మూతి తుడుచుకుంది.

“పెద్దమ్మీ,” అంది, “ఈ నెల్లో ఇంకా మూడు శనివారాలు ఉండాయి. మళ్ళా వచ్చేటప్పుడు ఆ బుడ్డచెంబు తేవద్దు. గోతాం ఎత్తుకొని రా.”